హిమాలయం మీద మంచు, మన మిట్ట మీద వాన

కార్తీకం దాటితే మన సంఘం గుంపులోకి రెండు రకాల ఫోటోలు రావడం మొదలవుతుంది. హోసూరు, తళి, డెంకణికోట వైపు నుంచి తెల్లవారుజాము పొగమంచు ఫోటోలు. అమెరికాలోనో, యూరప్‌లోనో ఉన్న మన పిల్లల నుంచి తెల్లటి కొండల ఫోటోలు, కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని జారుతున్న వీడియోలు. కింద మన పెద్దలు రాసే మాట రెండింటికీ ఒకటే: "మంచు బాగా పడిందే!" తెలుగులో ఆకు మీది నీటిబొట్టూ మంచే, దారి కనపడనివ్వని పొగా మంచే, కొండను కప్పే తెల్లటి గడ్డా మంచే.

పోయిన చలికాలం ఒక పిల్లవాడు విదేశం నుంచి ఫోన్ చేసి, "ఈసారి మంచు ఆలస్యం పెద్దనాన్నా, కొండకు పోవాలని టికెట్లు తీసుకున్నాం, రోజూ ఆకాశం వైపే చూస్తున్నాం" అన్నాడట. ఇవతల పెద్దాయన నవ్వి, "మేం మృగశిర కార్తెలో చూసే చూపే కదరా అది" అన్నాడట. ఆ మాట మమ్మల్ని పాత పుస్తకాల వైపు నడిపించింది. వెతికితే తేలింది ఏమిటంటే, హిమాలయాల మంచుకూ మన రాగిచేలకూ మధ్య 140 ఏళ్ల నాటి ఒక చరిత్ర ఉంది. దాని మొదలు మన జిల్లాలాంటి జిల్లాలు పడ్డ ఆకలి.

ముందు మన నేల సంగతి. పాత సేలం జిల్లాను తెల్లదొరలు మూడు మెట్లుగా చెప్పేవాళ్లు: తలఘాట్, బారామహల్, బాలాఘాట్. కనుమకు పైన దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉన్న హోసూరు బాలాఘాట్. దానికంటే వెయ్యి అడుగులకు పైగా కింద ఉన్న క్రిష్ణగిరి బారామహల్. బారామహల్ 1792లో టిప్పు చేతినుంచి కుంపిణీకి పోయింది, హోసూరు మిట్ట 1799లో టిప్పు మరణం తర్వాత పోయింది. రెండు ఊళ్ల మధ్య దూరం 50 కిలోమీటర్లే అయినా ఆకాశం తీరు వేరు. మిట్ట మీద బెంగళూరు వాతావరణం, నైరుతి వాన. కనుమ దిగితే ఈశాన్య వాన మీద ఆశ ఎక్కువ. ఒకటి తప్పితే ఇంకొకటి ఆదుకుంటుందని మనవాళ్ల ధైర్యం.

ఆ ధైర్యం 1876లో విరిగింది. ఆ ఉగాదితో మొదలైంది ధాత నామ సంవత్సరం. నైరుతి వాన సరిగ్గా రాలేదు. ఆశ్వయుజ, కార్తీకాల్లో రావలసిన ఈశాన్య వానా ముఖం చాటేసింది. మరుసటి ఏడు, 1877లో, మళ్లీ నైరుతి తప్పింది. మన ఇళ్లలో ముసలివాళ్లు "ధాత కరువు" అనేది దీన్నే, పక్కింటి తమిళులు "తాదు వరుష పంజం" అనేదీ దీన్నే. ఏ ఇంగ్లీషు సంవత్సరమో తెలియకపోయినా పేరు మాత్రం నిలిచింది. మద్రాసు ప్రెసిడెన్సీలో తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో కడప, కర్నూలు, బళ్లారితో పాటు సేలం కూడా ఉంది. 1871 జనాభా లెక్కలో సేలం జిల్లాలో 19 లక్షలకు పైగా ఉన్న జనం 1881 లెక్కకు 16 లక్షలకు తగ్గారు. చచ్చినవాళ్లు ఎందరో, మైసూరు సీమకో కాఫీ తోటలకో వలస పోయినవాళ్లు ఎందరో, ఆ ఒక్క అంకెలోనే కలిసిపోయారు.

కరువు పనుల కూలి గురించీ చెప్పాలి. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి వచ్చి, రోజుకు ఒక పౌను, అంటే అర కిలో కంటే తక్కువ ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తర్వాత గానీ కూలి పెరగలేదు. ఈ కరువు ముగిసీ ముగియని రోజుల్లో, 1878 డిసెంబరు 10న, హోసూరు పక్కన తొరపల్లిలో ఊరి మునసబు ఇంట పుట్టిన పిల్లవాడే మన రాజాజీ.

ఇక మంచు దగ్గరికి వద్దాం. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో, కరువుకు సరిగ్గా ఒక ఏడాది ముందు. దాని మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. కరువు తర్వాత సర్కారు ఆయన్ను అడిగింది: వాన తప్పబోతోందని ముందే చెప్పగలరా? ఆయన లెక్కలు తిరగేసి ఒక సంగతి గమనించాడు. చలికాలంలో హిమాలయాల మీద మంచు ఎక్కువగా పడి వసంతం దాకా కరగకుండా నిలిస్తే, ఆ ఏడు మైదానాల్లో వాన వెనకబడుతోంది. ఈ మాటను 1884లో లండన్ రాయల్ సొసైటీ ద్వారా ప్రకటించాడు. కొండల నుంచి మంచు సమాచారం తెప్పించుకుని, 1886 జూన్ 4న దేశంలో మొట్టమొదటి అధికారిక రుతుపవన అంచనా వెలువరించాడు.

కారణం మన వంటింటి బుద్ధికి అందేదే. వేసవిలో భూమి కాగితేనే సముద్రం మీది తేమగాలి లోపలికి లాక్కుని వస్తుంది. తెల్లటి మంచు ఎండను వెనక్కి కొడుతుంది. అది కరగడానికే వేడి ఖర్చవుతుంది, కరిగాక తడిసిన నేల ఆరడానికి మరికొంత. పొయ్యి ఆలస్యంగా అంటుకుంటే ఎసరు ఆలస్యంగా కాగినట్టు, వాన వెనకబడుతుంది. అంటే చూడండి, కాశ్మీరు కొండ మీద మంచు దట్టంగా పడితే జారేవాడికి పండగ. అదే మంచు చూసి, మన రైతుకు కీడు వస్తుందేమోనని సిమ్లాలో కూర్చున్న అధికారి లెక్క వేసేవాడు.

అయితే ఆ లెక్క ఎంతకాలం నిలిచింది? బ్లాన్‌ఫర్డ్ తర్వాత వచ్చిన జాన్ ఇలియట్ మంచుతో పాటు ఇంకా ఎన్నో గుర్తులు చేర్చి పేజీలకు పేజీలు అంచనాలు రాశాడు. 1899లో వాన బాగుంటుందన్నాడు. వచ్చింది ఘోరమైన కరువు. 1904లో పగ్గాలు పట్టిన గిల్బర్ట్ వాకర్ గణితం మనిషి. ఆయన హిమాలయం దాటి ప్రపంచమంతా చూశాడు, పసిఫిక్ సముద్రం మీది గాలి ఒత్తిడికీ మన వానకూ సంబంధం ఉందని పట్టుకున్నాడు. ఈనాడు మనం ఎల్‌నినో అంటున్న కథలో అది సగం. 1877 కరువు వెనకా పెద్ద ఎల్‌నినో ఉందని తర్వాతి శాస్త్రవేత్తలు తేల్చారు. మంచును మాత్రం ఎవరూ పూర్తిగా వదల్లేదు. 1988లో వాతావరణ శాఖ తయారుచేసిన 16 గుర్తుల పద్ధతిలోనూ హిమాలయ మంచుకు చోటుంది. ఆ పద్ధతి చాలా ఏళ్లు బాగానే నడిచింది. 2002లో మామూలు వాన పడుతుందని చెప్పింది. దేశం మొత్తం మీద 19 శాతం తక్కువ పడింది. మరుసటి ఏడే దాన్ని మార్చారు.

మనవాళ్లకూ ఒక అంచనా ఉంది కదా. ఉగాదినాడు గుడిలో పంచాంగ శ్రవణం. రాజెవరు, మంత్రెవరు, మేఘాధిపతెవరు, వాన ఎన్ని ఆఢకాలు, అందులో సముద్రానికి ఎంత, కొండలకు ఎంత, భూమికి ఎంత. దాన్నీ వెక్కిరించం, బ్లాన్‌ఫర్డ్‌నూ వెక్కిరించం. రెండింటి వెనకా ఉన్నది ఒకే బెంగ: విత్తనం చేతిలో పట్టుకున్న మనిషికి ఎవరైనా ఒక మాట చెప్పాలి.

మాకు ముఖ్యంగా తోచింది ఇంకొకటి. ఉగాదినాడు పంచాంగం విన్న రైతే, చేలోకి దిగాక ఆ మాట మీద ఒక్కదాని మీదే పందెం కాయలేదు. రాగి చేను చూడండి. సాళ్ల మధ్య అనుములు, ఆవాలు, ఆముదం. నైరుతి బాగుంటే రాగి. రాగి తడబడితే ఆముదం. రాగి కోసిన తర్వాత నేలలో మిగిలిన తేమతోనూ ధనుర్మాసం మంచుతోనూ అనుములు నిలబడతాయి. మంచు పడితేనే అనపకాయకు ఆ వాసన, పితికిపప్పుకు ఆ రుచి. కొండ మీద పడే మంచు రాకపోయినా, ఆకు మీద పడే మంచుతో ఒక పంట తీసిన నేల ఇది. దాని మీద చెరువు, చెరువు కింద చెరువు, ఇంట్లో రాగుల పాతర. రేపేం జరుగుతుందో చెప్పలేమని ఒప్పుకున్నవాడు చేసుకున్న ఏర్పాట్లు ఇవన్నీ.

కరువు దెబ్బతో సర్కారూ ఆలస్యంగానైనా ఇదే దారికొచ్చింది. వాన చెప్పలేకపోతే కనీసం ధాన్యం చేర్చగలగాలని చిన్న రైలు దారులు వేసింది. 1905లో తిరుపత్తూరు నుంచి క్రిష్ణగిరికి, 1906లో మొరప్పూరు నుంచి ధర్మపురికి, 1913లో అక్కడి నుంచి హోసూరు దాకా. రెండో ప్రపంచయుద్ధం వచ్చాక, 1941లో, ఆ పట్టాలు ఎత్తేశారు. హోసూరుకు తర్వాత రైలొచ్చింది. క్రిష్ణగిరి పట్నం ఇంకా ఎదురుచూస్తోంది.

ఇప్పటి సంగతి చూడండి. 2016లో తమిళనాడులో ఈశాన్య వాన మామూలు కంటే 62 శాతం తక్కువ. 2017 జనవరిలో రాష్ట్రమంతా కరువుగా ప్రకటించారు. అదే 2017 నవంబరులో నిండు నీళ్లతో ఉన్న క్రిష్ణగిరి డ్యామ్ గేటు ఒకటి దెబ్బతిని, నీళ్లు కిందికి వదిలేయాల్సి వచ్చింది. 2024 డిసెంబరు 2 ఉదయానికి ఊత్తంగరలో ఒక్కరోజులో 503 మిల్లీమీటర్ల వాన. బస్టాండు దగ్గర నిలిపిన బండ్లు కొట్టుకుపోయాయి. మెట్ట ప్రాంతమని మనం చెప్పుకునే చోట!

అటు మంచు కొండల్లోనూ ఇదే తీరు. 2024 జనవరి మొదట్లో గుల్‌మర్గ్ కొండలు బోసిగా ఉన్నాయి, నెలాఖరుకు గానీ మంచు రాలేదు. 2025లో అక్కడి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు లేక ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా పడ్డాయి. మొదటి వారంలో పడిన మంచును చూసి చలికాలమంతా ఇలాగే ఉంటుందని చెప్పలేరు. రోహిణిలో పడిన జల్లు చూసి మనమూ చెప్పలేం. మాలో ఒకరు ఒక ఏడు తొలి జల్లును నమ్మి, ఉన్న రెండెకరాల్లోనూ టమాటా ఒక్కటే పెట్టారు. తర్వాత నలభై రోజులు చినుకు లేదు. వాళ్ల నాన్న ఏమీ అనలేదట. మరుసటి ఏడు తానే వచ్చి గట్టు పక్క నాలుగు సాళ్లు అనుములు చల్లి పోయాడట.

యూరప్ కొండల్లో జారుడు ఆట నడిపేవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో తెలుసా? కొండ మీదే చెరువులు తవ్వుతున్నారు. ఆ నీళ్లను చలిరాత్రుల్లో యంత్రాలతో చిమ్మి మంచు చేసుకుంటున్నారు. ఆకాశాన్ని నమ్మి బతకలేమని వాళ్లకు ఇప్పుడు తెలిసొచ్చి చెరువు తవ్వుతుంటే, మన పెద్దలు ఎప్పుడో తవ్వి ఇచ్చిన చెరువుల్లో మనం సర్కారు తుమ్మను పెరగనిస్తున్నాం, కాలువల మీద ప్లాట్లు కొంటున్నాం. కొన్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, దాచుకోవడం ఎందుకు?

అందుకే సంఘం తరఫున ఒక చిన్న పని తలపెట్టాం. ఈ ధనుర్మాసంలో ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి చెరువు పేరు, అందులోకి నీళ్లు ఎటునుంచి వస్తాయి, ఎటు పోతాయి, ఆఖరిసారి ఏ ఏడు కట్ట మీదికి నిండింది, ఈ నాలుగు మాటలు పెద్దవాళ్లను అడిగి రాసి పంపండి. ధాత కరువు గురించి ఇంట్లో చెప్పుకునే మాట ఏదైనా ఉంటే అదీ రాయండి. విదేశాల్లో ఉన్న పిల్లలు అమ్మమ్మకో తాతకో ఫోన్ చేసి అడగండి. మీ కొండ మీద ఈసారి మంచు ఎంత పడిందో వాళ్లకు చెప్పండి, మన చెరువులో నీళ్లు ఎంత ఉన్నాయో వాళ్లను అడగండి.