కవి ఆగిన చోట ట్రంపెట్ అందుకుంది

1960 జూలై 2, శనివారం రాత్రి. అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రపు సముద్రతీర పట్టణం న్యూపోర్ట్. ఏటా జరిగే జాజ్ ఉత్సవంలోకి ప్రవేశం దొరకని వేలాది కుర్రకారు తాగిన మైకంలో వీధుల మీద పడ్డారు. సీసాలు, రాళ్లు విసిరారు. పోలీసులు బాష్పవాయువు వదిలారు. నేషనల్ గార్డ్ దళాలు దిగాయి. నగర పాలకులు మిగిలిన కచేరీలను రద్దు చేసి, ఆదివారం మధ్యాహ్నం జరగాల్సిన బ్లూస్ కార్యక్రమానికి మాత్రం అనుమతినిచ్చారు. దాన్ని నడిపించాల్సిన వ్యక్తి లాంగ్‌స్టన్ హ్యూస్, నల్లజాతి అమెరికా గర్వంగా చెప్పుకునే కవి. ఇక ఈ ఉత్సవం ఉండదేమోనన్న దిగులుతో ఆయన అక్కడికక్కడే ఒక వీడ్కోలు పాట రాసిచ్చారు. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బృందంలో పియానో వాయించే ఓటిస్ స్పాన్ అదే వేదిక మీద దాన్ని పాడారు.

న్యూపోర్ట్‌లో ఉన్న ఆ రోజుల్లోనే హ్యూస్ మరో రచన మొదలుపెట్టారు. మరుసటి ఏడాది, 1961లో, అది ‘ఆస్క్ యువర్ మామా: 12 మూడ్స్ ఫర్ జాజ్’ పేరుతో పుస్తకంగా వచ్చింది. కవి చదువుతుంటే పక్కన వాద్యకారులు తమ మనోధర్మంతో వాయించే ‘జాజ్ పొయెట్రీ’ చేరుకున్న శిఖరాల్లో ఇదొకటని నా నమ్మకం. ఈ కళ కథ చెప్పేవాళ్లు చాలామంది 1957 నాటి శాన్ ఫ్రాన్సిస్కోతో, గడ్డాలు పెంచిన బీట్ కవులతో మొదలుపెడతారు. దాని వేర్లు మాత్రం అంతకు మూడు దశాబ్దాల ముందు, నల్లవాళ్లు నివసించిన వీధుల్లో ఉన్నాయి.

పన్నెండు బార్ల లెక్క

బ్లూస్ పాట నిర్మాణం తెలిస్తే ఈ కళ ఎందుకు పుట్టిందో సులువుగా అర్థమవుతుంది. బ్లూస్‌లో ఒక చరణం సాధారణంగా పన్నెండు బార్లు, అంటే పన్నెండు తాళావర్తాలు. అందులో మూడు పాదాలు. మొదటి పాదాన్నే రెండోసారి కొద్ది తేడాతో పాడతారు. మూడోది వాటికి ముగింపు పలుకుతుంది. ఒక్కో పాదానికి నాలుగేసి బార్లు. అయితే గాయకుడి మాటలు ఆ నాలుగింటినీ నింపవు. రెండు బార్లు దాటిన కాసేపటికే పాదం అయిపోతుంది. మిగిలిన జాగా గిటారుదో, పియానోదో, ట్రంపెట్‌దో. అక్కడ ఏం వాయించాలో ఎవరూ రాసిపెట్టరు. అప్పుడే విన్న మాటకు అప్పుడే తోచిన జవాబు అది.

దీనికి గొప్ప ఉదాహరణ 1925 జనవరిలో రికార్డయిన ‘సెయింట్ లూయిస్ బ్లూస్’. పాడినది బెస్సీ స్మిత్. ఆమె ఒక్కో పాదం ముగించగానే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన కార్నెట్‌తో బదులిస్తారు. ఒకసారి ఓదారుస్తున్నట్టు, ఒకసారి ఆమె మాటను పొడిగిస్తున్నట్టు. వాళ్లిద్దరి వెనుక శ్రుతి పట్టినది ఫ్రెడ్ లాంగ్‌షా వాయించిన రీడ్ ఆర్గాన్, అంటే మన హార్మోనియానికి దగ్గరి చుట్టం. పద్యనాటకాలు చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. నటుడు పద్యపాదం చివర రాగం తీసి ఆగితే, హార్మోనిస్టు ఆ రాగాన్ని అందుకుని సాగదీసి మళ్లీ నటుడి చేతిలో పెడతాడు. ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ కొట్టింది పద్యానికే కాదు, ఆ ఇచ్చిపుచ్చుకోవడానికి కూడా.

హ్యూస్ ఈ నిర్మాణాన్ని కవిత్వంలోకి తెచ్చారు. 1924లో పారిస్‌లోని మోమార్త్ర్ పేటలో ‘ల గ్రాన్ ద్యూక్’ అనే నైట్‌క్లబ్ వంటింట్లో ఆయన పాత్రలు కడిగారు. అక్కడ తెల్లవారే దాకా నల్లజాతి వాద్యకారుల జాజ్ వినిపించేది. స్వదేశానికి తిరిగొచ్చాక వాషింగ్టన్‌లో సెవెంత్ స్ట్రీట్ జనంతో తిరిగారు. ఆ వీధిలో కూలిపని చేసుకునేవాళ్లు పాడుకునే పాటల్లాంటి కవితలు రాయాలని ప్రయత్నించానని 1940లో వచ్చిన ‘ది బిగ్ సీ’ ఆత్మకథలో చెప్పుకున్నారు. 1925లో ‘ఆపర్చునిటీ’ పత్రిక పోటీలో ఆయనకు మొదటి బహుమతి తెచ్చిన ‘ద వియరీ బ్లూస్’ కవిత న్యూయార్క్ నల్లజాతి పేట అయిన హార్లెమ్‌లోని లెనాక్స్ అవెన్యూలో పియానో వాయిస్తూ పాడే ఒక కళాకారుడి గురించి. అందులో కవి మాటలతో పాటు ఆ కళాకారుడి పాట చరణాలూ ఉన్నాయి. చూసే కవి, పాడే మనిషి ఒకే కవితలో ఒకరి తర్వాత ఒకరు గొంతు విప్పుతారు. అదే పేరుతో 1926లో ఆయన తొలి సంపుటి వచ్చింది.

అప్పట్లో చదువుకున్న నల్లజాతి పెద్దలకు బ్లూస్ అంటే చిన్నచూపు. అది సారా దుకాణాల పాట, తమ గౌరవానికి మచ్చ. 1927లో వచ్చిన హ్యూస్ రెండో సంపుటిని నల్లజాతి పత్రికలే తిట్టిపోశాయి. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. తన జాతి సామాన్యుల పాటను చూసి సిగ్గుపడే కళాకారుడు ఎన్నటికీ గొప్పవాడు కాలేడని 1926లోనే ‘ది నేషన్’ పత్రికలో ఒక వ్యాసం ద్వారా వాదించారు.

సెల్లార్‌లో సందడి

మూడు దశాబ్దాలు గడిచాయి. 1957లో శాన్ ఫ్రాన్సిస్కో నార్త్ బీచ్‌లోని ‘ద సెల్లార్’ అనే చిన్న క్లబ్‌లో కెనెత్ రెక్స్‌రాత్, లారెన్స్ ఫెర్లింగెట్టి జాజ్ బృందంతో కలిసి కవితలు చదవడం మొదలుపెట్టారు. జనం కిక్కిరిసిపోయారు. బీట్ కవి గిన్స్‌బర్గ్ కావ్యం ‘హౌల్’ను ప్రచురించినందుకు ఫెర్లింగెట్టి మీద అశ్లీలత కేసు నడిచిన ఏడాది కూడా అదే. కవి అంటే కోర్టుకెక్కే మనిషి, క్లబ్‌లో నిలబడి మాట్లాడే మనిషి అని అమెరికా యువతరం మొదటిసారి చూసింది. సెల్లార్ పఠనాలను ఫాంటసీ సంస్థ ఎల్పీ రికార్డుగా తెచ్చింది. జాజ్‌తో కలిపి చదవడానికే రాసిన ఏడు కవితలను ఫెర్లింగెట్టి 1958లో తన సంపుటి ‘ఎ కోనీ ఐలాండ్ ఆఫ్ ద మైండ్’లో చేర్చారు. వాటిని అచ్చు కోసం రాసినవిగా కాక నోటిమాటగా చూడాలనీ, అవి ఇంకా మారుతూనే ఉన్నాయనీ పాఠకులకు చెప్పారు.

న్యూయార్క్‌లోనూ ఇదే ఊపు. 1957లో బ్రాటా ఆర్ట్ గ్యాలరీలో జాక్ కెరూవాక్, మిత్ర కవులు చదువుతుంటే డేవిడ్ ఆమ్రమ్ ఫ్రెంచ్ హార్న్‌తో తోడు నిలిచారు. 1959లో వచ్చిన ‘బ్లూస్ అండ్ హైకూస్’ రికార్డులో కెరూవాక్ ఒక చిట్టి కవిత చదివి ఆగుతారు. అల్ కోన్, జూట్ సిమ్స్ శాక్సఫోన్లు వంతులవారీగా దానికి బదులు పలుకుతాయి. మాట ఎంత చిన్నదో జవాబూ అంతే చిన్నది. ఈ కళ గురించి ఏమీ తెలియనివాళ్లకు మొదట వినిపించాల్సిన రికార్డు ఇదే.

అయితే ఊపు వేలంవెర్రిగా మారడానికి ఎంతో కాలం పట్టలేదు. కవికి తాళజ్ఞానం లేదు, వాద్యకారుడికి కవిత మీద ధ్యాస లేదు. ఇద్దరూ ఒకే వేదిక మీద ఎవరి దారిన వాళ్లు పోయారు. రెక్స్‌రాత్ ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించారు. 1958లో ‘ది నేషన్’లోనే రాసిన వ్యాసంలో, కవి గొంతు బృందంలోని మరో వాద్యంలా కలవాలని, అందుకు కలిసి సాధన చేయక తప్పదని తేల్చి చెప్పారు. మనోధర్మం అంటే తోచినట్టు చేయడం కాదని మన సంగీత విద్వాంసులకు వేరే చెప్పనక్కర్లేదు. రాగం ఎల్లలు ఒంటబట్టినవాడే స్వేచ్ఛగా స్వరం వేయగలడు.

పేజీలో సగం సంగీతానికి

ఈ హడావిడి నడుమ హ్యూస్ 1958 మార్చిలో న్యూయార్క్ స్టూడియోలో తన కవితలను చదివి రికార్డు చేశారు. ఎంజీఎం సంస్థ తెచ్చిన ఆ ఎల్పీ పేరు కూడా ‘వియరీ బ్లూస్’. ఒక వైపు లెనార్డ్ ఫెదర్ కూర్చిన సంగీతం. రెడ్ అలెన్ ట్రంపెట్, విక్ డికెన్సన్ ట్రాంబోన్ వినిపించే పాత తరం జాజ్. రెండో వైపు చార్లెస్ మింగస్ బృందం. ఈ రెండు వైపులూ పక్కపక్కన వింటే చాలా విషయాలు తెలుస్తాయి. ఫెదర్ సంగీతం కవితకు చక్కని ఇల్లు కట్టి కూర్చోబెడుతుంది. మింగస్ బృందం కవితతో వాదిస్తుంది, తోసుకొస్తుంది, ఉన్నట్టుండి లయ మార్చి కవిని పరీక్షిస్తుంది. హ్యూస్ గొంతు మాత్రం తొణకదు. నింపాదిగా, ఇంటి అరుగు మీద కబుర్లు చెబుతున్నట్టు సాగుతుంది. నాటకీయత అంతా వాద్యాలకు వదిలేసి, ఆయన మాటను మాటగానే ఉంచారు.

ఈ అనుభవమంతా ‘ఆస్క్ యువర్ మామా’లో పండింది. ఎదుటివాడి తల్లి ప్రస్తావన తెచ్చి ఎకసెక్కంగా కవ్వించుకునే ‘డజన్స్’ అనే మాటల పోటీ నల్లజాతి వాడల్లో ఉంది. ‘మీ అమ్మను అడుగు’ అని ఆ పోటీలో ఇచ్చే జవాబునే హ్యూస్ కావ్యానికి పేరుగా పెట్టారు. తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొనుక్కున్న నల్లవాడిని ఇరుగుపొరుగు అడిగే తలతిక్క ప్రశ్నలకు అక్కడ దొరికే సమాధానం అదే. పుస్తకాన్ని లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు అంకితమిచ్చారు. పన్నెండు భాగాలు. పేజీకి ఎడమ వైపు పెద్దక్షరాల్లో కవిత. కుడి వైపు వాలు అక్షరాల్లో సంగీతానికి సూచనలు: ఇక్కడ ఆఫ్రికా డప్పులు, ఇక్కడ చర్చి పాట, ఇక్కడ జర్మన్ గీతం, ఇక్కడ చాచా లయ.

‘హెజిటేషన్ బ్లూస్’ అనే పాత జానపద బాణీ కావ్యమంతటా మళ్లీ మళ్లీ వినిపించాలి. ఎప్పటిదాకా ఎదురుచూడాలి అని అడిగే పాట అది. పౌరహక్కుల పోరాటం ఉధృతమవుతున్న 1961లో ఆ ప్రశ్న ఎవరిని నిలదీసిందో శ్రోతలకు విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఆ బాణీ చుట్టూ, ముఖ్యంగా కవి గొంతు ఆగిన చోట్లలో, వాద్యకారులు తమకు తోచినది వాయించుకోవచ్చని హ్యూస్ పుస్తకంలోనే రాశారు. కొన్నిచోట్ల వాద్యాలన్నీ మౌనంగా ఉండాలన్న ఆదేశమూ ఉంది. ఆగాల్సిన వంతు కవికే కాదు, వాద్యానికీ వస్తుందన్నమాట.

పుస్తకం వచ్చినప్పుడు సమీక్షకులు చాలావరకు పెదవి విరిచారు. సంగీతం లేకుండా చదివితే అది సగం కావ్యమే కాబట్టి ఆ నిరాదరణకు కారణం ఊహించవచ్చు. హ్యూస్ 1967 మే 22న కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం అంత్యక్రియల సభలో ర్యాండీ వెస్టన్ బృందం జాజ్ వాయించింది. 2009లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో, లారా కార్ప్‌మన్ స్వరకల్పనతో, జెస్సీ నార్మన్ వంటి ఒపేరా గాయని, ‘ద రూట్స్’ వంటి హిప్‌హాప్ బృందం కలిసి ఈ కావ్యాన్ని భారీ స్థాయిలో ప్రదర్శించారు.

ఆ వీధి నుంచే మరో తరం

ఈలోగా ఆ విత్తనాలు వేరే చోట్ల మొలిచాయి. 1964లో లెరాయ్ జోన్స్ (తరువాతి అమీరీ బరాకా) న్యూయార్క్ ఆర్ట్ క్వార్టెట్ అనే జాజ్ బృందంతో కలిసి కవిత చదివారు. ఇక్కడ బ్లూస్ చట్రం కూడా లేదు. కవీ, వాద్యకారులూ అందరూ అంచున నడిచారు. కవయిత్రి జేన్ కార్టెజ్ ‘ఫైర్‌స్పిటర్స్’ అనే సొంత బృందాన్ని నిలబెట్టుకున్నారు. అందులో డ్రమ్స్ వాయించింది ఆమె కొడుకు డెనార్డో కోల్‌మన్. 1968 మే 19న, నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ పుట్టినరోజున, హార్లెమ్ పార్కులో ‘ద లాస్ట్ పొయెట్స్’ అనే కవుల బృందం డప్పుల దరువుతో పుట్టింది. లాంగ్‌స్టన్ హ్యూస్ చదివిన కాలేజీ అన్న ఒక్క ఆకర్షణతో కవి, గాయకుడు గిల్ స్కాట్-హెరన్ పెన్సిల్వేనియాలోని లింకన్ విశ్వవిద్యాలయంలో చేరారు. కాంగా డప్పులతో ఆయన 1970లో తెచ్చిన తొలి రికార్డు పేరులో లెనాక్స్ అవెన్యూ ఉంది. హ్యూస్ కవితలోని పియానిస్టుది ఆ వీధే. ర్యాప్ సంగీతం తన పూర్వీకులుగా చెప్పుకునేది వీళ్లనే.

ఈ చరిత్ర మన వేదికలకూ పనికొస్తుంది. కవితాపఠనం వెనుక కీబోర్డో వేణువో మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరున మోగే సభలు మనకూ తెలుసు. అక్కడ సంగీతం తెరకు వేసిన రంగులా మిగిలిపోతుంది, కవి దాన్ని వినడం లేదని శ్రోతకు తెలిసిపోతుంది. మన దగ్గర తని ఆవర్తనం వాయించే మృదంగ విద్వాంసులున్నారు, దరువులు దంచే డప్పు కళాకారులున్నారు, పద్యం వెంట నడిచిన హార్మోనిస్టుల వారసత్వం ఉంది. వచన కవిత రాసేవాళ్లు వాళ్లతో కూర్చుని నాలుగు రోజులు సాధన చేయాలి. ఏ పాదం తర్వాత ఆగాలి, ఎక్కడ వాద్యం నోరు మూసుకోవాలి, ఎక్కడ కవి నోరు మూసుకోవాలి అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. హ్యూస్ పేజీలో సగం ఇచ్చినంత ఉదారంగా కవి చోటిస్తే, ఆ చోటును నింపే సత్తా మన వాద్యకారులకు నిండుగా ఉంది.