కరివేపాకు చెట్టు మీద ఇద్దరు అన్నదమ్ములు

మాది శ్రీకూర్మం. మా పెరట్లో బావి పక్కన ఒక కరివేపాకు చెట్టు ఉండేది. వానలు మొదలయ్యాక దాని లేత ఆకుల మీద పిట్ట రెట్టల్లాంటివి కనపడేవి. దగ్గరికెళ్లి చూస్తే కదిలేవి. కొన్నాళ్లకి అవే ఆకుపచ్చగా మారి వేలెడంత పురుగులయ్యేవి. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికి తోసి ఘాటైన వాసన వదిలేవి.

"ఏటి సూస్తన్నావురా అలగ? తీసి అవతల పారేయి. ఆకొక్కటి నేకుండా మేసీస్తాది," అనేది నాయనమ్మ. అది సీతాకోకచిలుక అవుతుందని ఆవిడకి తెలుసు. తెలిసే పారేయమనేది. చారులోకి ఆకు కావాలి కదా.

ఎనిమిదో తరగతిలో నాకు సీతాకోకచిలుకలు పోగేసే పిచ్చి పట్టింది. రెండొందల పేజీల నోటుబుక్కు, గుండుసూదులు, దోమతెర గుడ్డతో కుట్టుకున్న వల. పేర్లు తెలీవు కాబట్టి నాకు తోచింది రాసుకునేవాణ్ణి. "నల్లది, తెల్లచుక్కల వరస, పెరడు." "నల్లది, ఎర్రచుక్కలు, ఒళ్లు కూడా ఎరుపు, గుడి చెరువు." గుడి చెరువంటే కూర్మనాథుడి గుడి ముందున్న శ్వేత పుష్కరిణి. దాని గట్టు మీద పిచ్చిమొక్కల్లో ఆ ఎర్ర ఒంటిది ఎప్పుడూ తిరుగుతుండేది.

ఒకసారి కరివేపాకు పురుగులు నాలుగింటిని హార్లిక్స్ సీసాలో పెట్టి పెంచాను. వాటిలో మూడు నల్లటివి, తెల్లచుక్కల వరసతో బయటికొచ్చాయి. నాలుగోది రెక్కల మీద ఎర్రచుక్కలతో, దాదాపు చెరువు గట్టు దానిలాగే వచ్చింది. ఎక్కడో పొరపాటు చేశాననుకున్నాను. వేరే చోటి పురుగేదో సీసాలో కలిసిపోయి ఉంటుందని నోటుబుక్కులో ఆ పేజీ కొట్టేశాను. ఆ ఏడాది చివరికి నోటుబుక్కంతా చీమలు తినేశాయి. రెక్కల పొడీ, తుప్పు పట్టిన గుండుసూదులూ మిగిలాయి.

ఆ కొట్టేసిన పేజీయే సరైనదని తెలియడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. లిన్నేయస్ లాంటివాడు కూడా ఇదే చోట పప్పులో కాలేశాడని తెలిశాక కాస్త ఊరట కలిగింది.

జీవజాతులన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెట్టిన లిన్నేయస్, 1758లో అచ్చయిన పుస్తకంలో పెద్ద రెక్కల సీతాకోకచిలుకలకి ఇలియడ్ వీరుల పేర్లు పెట్టాడు. రొమ్ము మీద నెత్తుటి చుక్కల్లాంటి మచ్చలున్నవాటిని ట్రాయ్ పక్షంలో వేశాడు. మా చెరువు గట్టు దానికి హెక్టర్ పేరు అలా వచ్చింది. ఇంగ్లిష్‌లో దాన్ని క్రిమ్సన్ రోజ్ అంటారు. తెల్లచుక్కల వరస ఉన్న నల్లదానికి ఆయన పామన్ అని పేరు పెట్టాడు, ఎర్రచుక్కలున్న ఇంకోదానికి పాలిటీస్ అని. ఇలియడ్‌లో పామన్, పాలిటీస్ ఇద్దరూ ప్రియాముడి కొడుకులు, అన్నదమ్ములు. పెరట్లో మాత్రం వాళ్లు అన్నదమ్ములు కారు. ఒకే జాతిలో మగదీ ఆడదీ. రెండూ కరివేపాకు, నిమ్మ తిని పెరిగేవే. ఇప్పుడు రెంటికీ కలిపి పాపిలియో పాలిటీస్ అనే పేరు నిలిచింది, ఇంగ్లిష్‌లో కామన్ మోర్మన్.

ఆడదానికి ఎర్రచుక్కలెందుకంటే, అది వేషం. హెక్టర్ విషం ఉన్న మొక్క తిని పెరుగుతుంది కాబట్టి పిట్టలు దాని జోలికి పోవు. కరివేపాకు తిని పెరిగిన పాలిటీస్‌లో ఆ విషం లేదు. అందుకని కొన్ని ఆడవి హెక్టర్ వేషం కడతాయి, కొన్ని దాని దగ్గరి చుట్టమైన కామన్ రోజ్ వేషం కడతాయి, కొన్ని ఏ వేషమూ లేకుండా మగదానిలాగే ఉంటాయి. ఈ వేషాలన్నిటినీ డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు నడుపుతోందని కృష్ణమేఘ్ కుంటే, ఆయన సహచరులు 2014లో నేచర్ పత్రికలో చూపించారు. మనం గుర్తుపట్టడానికి ఇంత లోతుకి వెళ్లక్కర్లేదు. ఒళ్లు చూడాలి. ఎర్రగా ఉంటే అసలుది, నల్లగా ఉంటే పగటివేషం. "ఒళ్లు కూడా ఎరుపు" అని ఎనిమిదో తరగతిలో నేను రాసుకున్నది అక్షరాలా పనికొచ్చే గుర్తే. నాకే ఆ సంగతి తెలీలేదు.

లిన్నేయస్ పొరపాటుకి కారణం తెలివితక్కువతనం కాదు. ఆయన ముందున్నవి దూరదేశాల నుంచి ఓడల్లో వచ్చిన ఎండు రెక్కలు. ఏ చెట్టు మీది పురుగు ఏ రెక్కలు తొడుక్కుందో పెట్టె చెప్పదు, పెరడు చెబుతుంది.

ఆ పెట్టెలకీ మన పెరళ్లకీ మధ్య తిరిగినవాడు ఒకడున్నాడు. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ లిన్నేయస్ శిష్యుడు, వైద్యుడు. 1768లో డేన్ల స్థావరమైన తరంగంబాడికి వచ్చాడు. మొక్కలూ పురుగులూ పోగేసి యూరప్‌కి పంపేవాడు. లిన్నేయస్ ఇంకో శిష్యుడు ఫాబ్రిషియస్ పురుగుల మీద రాసిన పుస్తకాల్లో కోనిగ్ పంపిన నమూనాలున్నాయి. కోనిగ్ ఊరికే పంపి ఊరుకోలేదు, బతికున్నవాటిని కూర్చుని చూశాడు. తంజావూరు ప్రాంతపు చెదపురుగుల జీవితం మీద 1779లో ఆయన వ్యాసం అచ్చయింది. చివరి రోజుల్లో మన వైపు వచ్చి, విశాఖపట్నంలో పాముల మీద పనిచేస్తున్న పాట్రిక్ రస్సెల్‌ని కలిశాడు. 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో జబ్బుపడి చనిపోయాడు. సామర్లకోటలో ఉంటున్న వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ ఆయనకి వైద్యం చేశాడు.

కరివేపాకు శాస్త్రీయ నామం ముర్రాయా కోనిగీ. 1771లో లిన్నేయస్ ఈ శిష్యుడి పేరే ఆ చెట్టుకి తగిలించాడు. గురువు రెండు జాతులనుకున్న పురుగు, శిష్యుడి పేరున్న చెట్టు మీదే మా నాయనమ్మ కళ్లముందు తిరిగేదన్నమాట.

ఆ తర్వాతి వందేళ్లలో పేర్లు పెట్టే పని లండన్ మ్యూజియంలలో జోరందుకుంది. అంతకుముందే డచ్చివాడు పీటర్ క్రామర్ 1775 నుంచి అచ్చువేసిన రంగుల పుస్తకంలో కొన్ని బొమ్మలకి ఊరి పేరుండదు, 'కోరమాండల్ తీరం' అని మాత్రం ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ మ్యూజియంలో పనిచేసిన ఫ్రెడరిక్ మూర్, 1880లో ఒక సీతాకోకచిలుక ప్రజాతికి తిరుమల అని పేరు పెట్టాడు. జిల్లేడు చెట్ల చుట్టూ తిరిగే నీలిచారల బ్లూ టైగర్ ఆ ప్రజాతిదే, మా ఊళ్లో కావలసినన్ని. అదే ఏడాది గోధుమరంగు సీతాకోకచిలుకల ప్రజాతి ఒకదానికి తెలింగా అని పెట్టాడు. మన భాష పేరే! దాన్ని మోసే రెడ్‌ఐ బుష్‌బ్రౌన్ మాత్రం నీలగిరుల వైపుది. పటం మీద పేర్లు ఏరుకుని అతికించినట్టుంటుంది ఈ వ్యవహారం. ఇక ఇంగ్లిష్ పేర్లకొస్తే, 1927లో భారత సీతాకోకచిలుకల్ని గుర్తుపట్టే పుస్తకం రాసిన ఎవాన్స్ సైన్యంలో బ్రిగేడియర్. కమాండర్, సార్జెంట్, సెయిలర్, బారన్, నవాబ్, రాజా. పేర్లు వింటే కంటోన్మెంటు హాజరుపట్టీ చదివినట్టుంటుంది.

మరి తెలుగులో?

సీతాకోకచిలుక ఎంత అందమైన మాటైనా, అన్నిటికీ అదొక్కటే. రాత్రి తిరిగేవాటి సంగతి ఇంకా కష్టం. చిమ్మట అంటే బట్టలు కొట్టేదే గుర్తొస్తుంది. శలభం అంటే పద్యాల్లో దీపంలో పడి చచ్చేది. సర్ జార్జ్ హాంప్సన్ 1892 నుంచి 1896 వరకూ నాలుగు సంపుటాలు నింపిన జాతులకి మన దగ్గర ఇంతే లెక్క. ఇది మన చూపులో లోపమని నేనూ చాన్నాళ్లు అనుకున్నాను.

తర్వాత అర్థమైంది, పేర్లు ఉన్నాయి. కానీ రెక్కలకి లేవు, పురుగులకి ఉన్నాయి. వరిలో కాండం తొలిచేది, ఆకుముడత. వేరుశనగలో ఎర్రగొంగళి. ఆముదంలో నడుం వంచి నడిచే దాసరి పురుగు. పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు. ఇవన్నీ రాత్రి దీపాల చుట్టూ తిరిగే శలభాల పిల్లలే. రైతుకి రెక్కలతో పనిలేదు, పంటతోనే పని. అందుకే ప్రతి పేరులోనూ ఒక మొక్కో, అది చేసే నష్టమో ఉంది. మద్రాసు ప్రభుత్వానికి పనిచేసిన బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లో దక్షిణ భారత కీటకాల మీద రాసిన పుస్తకంలోనూ పురుగుకీ పంటకీ ఉన్న ఈ ముడే ముఖ్యం. 2000 తర్వాతి ఏళ్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి, ఆయన సహచరులు విశాఖ చుట్టుపక్కల సీతాకోకచిలుకల్ని గుడ్డు నుంచి రెక్కల దాకా పెంచి, ఏది ఏ మొక్క మీద బతుకుతుందో రాశారు. వీళ్లందరూ మా నాయనమ్మ చూసిన వైపు నుంచే చూశారు. తేడా ఏంటంటే, వీళ్లు పారేయలేదు.

కామన్ రోజ్‌కి ఫాబ్రిషియస్ 1775లో పెట్టిన పేరు అరిస్టొలోకియే. వీరుడి పేరు కాదు, అది తినే మొక్క పేరు. ఎక్కడో ఎవరో పురుగుని మొక్క మీద చూసి ఉంటే తప్ప అలాంటి పేరు పుట్టదు. ఆ మొక్క జాతివే మన గాడిదగడపాకు, ఈశ్వరి. మా చెరువు గట్టు మీది పిచ్చిమొక్క గాడిదగడపాకే. హెక్టర్ పురుగు తినేదీ ఆ జాతి మొక్కల్నే. అంటే ఫాబ్రిషియస్ పెట్టిన పేరూ, మన పొగాకు లద్దెపురుగూ ఒకే పద్ధతిలో పుట్టినవి.

హెక్టర్ చాలాకాలం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, పులితో పాటు. నేను నోటుబుక్కులో గుండుసూదితో గుచ్చింది దాన్నే. ఇప్పుడు ఈ సరదా ఉన్నవాళ్లు వల పట్టడం లేదు, ఫోన్‌తో ఫొటో తీస్తున్నారు. రాత్రిపూట మేడ మీద తెల్ల దుప్పటి కట్టి, లైటు పెట్టి, వచ్చి వాలినవాటిని లెక్కపెడుతున్నారు. ఇది మంచి మార్పే. కానీ ఫొటో కూడా పెట్టె లాంటిదే. రెక్కలు చూపిస్తుంది, మొక్కని వదిలేస్తుంది.

మొన్న దసరాకి ఊరెళ్లాను. చెరువు గట్టు ఒక పక్కంతా శుభ్రం చేశారు. ఎవరినీ తప్పుపట్టను, పిచ్చిమొక్కలంటే పీకేవే కదా. గాడిదగడపాకు అటువైపు ఒక్కటీ లేదు. హెక్టర్ కూడా కనపడలేదు. మా గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లున్నాయి. వాటి జోలికి మా ఊళ్లో ఎవరూ వెళ్లరు, ఎందుకంటే వాటికి కూర్మనాథుడి కథ ఉంది. ఈ మొక్కకి కథ లేదు. దాని మీద బతికేదానికి పేరే లేదు. ఏం పోయిందో చెప్పడానికి మా ఊళ్లో ఒక మాటంటూ లేకపోతే, పోయిందని ఎవరికి తెలుస్తుంది?

పెరట్లో పాత చెట్టు పోయి, దాని పిలక ఒకటి పెద్దదైంది. మా మేనకోడలు దాని దగ్గర నిలబడి, "మావయ్యా, దీని పేరేటి?" అని అడిగింది. ఆకు మీద ఆకుపచ్చ పురుగు. కామన్ మోర్మన్ అని నోటిదాకా వచ్చింది. "కరివేపాకు సీతాకోక," అన్నాను. "రెక్కలొచ్చాక చుక్కలు ఎరుపో తెలుపో చూసి రాసుకో. రెండూ రావచ్చు, తప్పు కాదు. ఏదొచ్చినా కొట్టేయకు." చెరువుకి అవతలి గట్టు మీద ఇంకా మిగిలిన గాడిదగడపాకు చూపించి, దాని మీద తిరిగేదాని పేరు గాడిదగడపాకు సీతాకోక అని చెప్పాను. పేరు విని నవ్వింది. నవ్వింది కాబట్టి మర్చిపోదు.

మా అమ్మతో ఒక ఒప్పందం కుదిరింది. చెట్టుకి దక్షిణం వైపు కొమ్మ పురుగులది, మిగతాదంతా చారుది.