సభలో మాట, ఆఫీసులో ఫైలు

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించినదేదైనా రాసిమ్మని మన కార్యదర్శిగారు కోరారు. రాజుల కథల జోలికి పోకుండా, మనలో చాలామంది చెవులారా విన్న చరిత్రే రాద్దామనిపించింది. నాయకులు ఉపన్యాసాల్లో మాటను ఎలా వాడుకుంటారు, ఆ మాట తరువాత ఏమవుతుంది అన్నది నా విషయం. ముప్పై ఏళ్లకు పైగా రెవెన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి గనుక, సభలో చప్పట్లు కొట్టించిన మాట కాగితమై మన బల్ల మీదికి రావడం కూడా చూశాను.

జనం నోట నిలిచే మాట చిన్నదై ఉండాలి. 1965లో లాల్ బహదూర్ శాస్త్రిగారి 'జై జవాన్, జై కిసాన్' అటువంటిది. సరిహద్దులో ఉన్నవాణ్ణీ పొలంలో ఉన్నవాణ్ణీ ఒకే 'జై'తో ముడివేశారు. 1971లో ఇందిరాగాంధీ ఇంకో ఉపాయం చేశారు. ప్రతిపక్షాలు ఆమెను తొలగించాలంటే, అదే 'హటావో' అన్న మాటను తీసుకుని పేదరికం మీదికి తిప్పారు. 'గరీబీ హటావో' అన్న ఆ రెండు మాటలు లోక్‌సభలో 352 స్థానాలు తెచ్చిపెట్టాయి. అయితే ఎంత పేదరికం, ఎప్పటిలోగా అన్నది ఆ మాటలో లేదు. కనుక దాన్ని పట్టుకుని తాలూకా ఆఫీసుకు వచ్చి నిలదీసినవాడూ లేడు.

నిలదీయడానికి వీలైన మాట మన రాష్ట్రంలో 1982లో వచ్చింది. ఆ ఏడాది మార్చి 29న ఎన్.టి. రామారావుగారు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. అప్పటికి పరిస్థితి మీకు తెలిసిందే. అయిదేళ్లు తిరక్కుండా ముగ్గురు ముఖ్యమంత్రులు మారారు. ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో అంజయ్యగారికి రాజీవ్‌గాంధీ చేతిలో జరిగిన అవమానం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ గాయానికి రామారావుగారు 'ఆత్మగౌరవం' అని పేరుపెట్టారు. పేరులేని బాధకు పేరుపెట్టడం ఉపన్యాసకుడు చేసే మొదటి పని, బహుశా అన్నిటికన్నా పెద్ద పని.

ఆ గొంతు జనానికి కొత్త కాదు. 'మాయాబజార్'లో కృష్ణుడిగా, 'దానవీరశూరకర్ణ'లో ఆ పొడవాటి సంభాషణలతో ఊరూరా విన్నదే. మిగతావాళ్లు మాట్లాడితే రాజకీయం, ఆయన మాట్లాడితే పద్యనాటకం. చైతన్యరథం మీద నిలబడి 'తెలుగింటి ఆడపడుచులు' అని పిలిచేవారు. సంబోధనే కదా అనుకోకండి. ఆడపడుచు అంటే పుట్టింటి మీద హక్కున్న మనిషి. అంటే పిలుపులోనే ఒక బాకీ ఒప్పుకున్నట్టు. ఆశ్చర్యమేమంటే ఆ బాకీ కొంత తీరింది కూడా. 1986లో హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్రం చేసిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా వచ్చింది.

'సమాజమే దేవాలయం, ప్రజలే దేవుళ్లు' అన్నది మరో మాట. అలంకారశాస్త్రంలో దీన్ని రూపకం అంటారు. 'దేవుళ్లవంటివారు' అనలేదు, దేవుళ్లే అన్నారు. వినడానికి గొప్పగా ఉంటుంది. మరి ఆ గుడిలో ఉద్యోగి ఎవరు? పూజారి అనుకోవాలి. ప్రసాదం తగ్గినప్పుడు అందరూ చూసేది పూజారి వంకే! 1983 ఫిబ్రవరిలో పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. నిరుద్యోగ యువతకు దారి ఇవ్వడానికని కారణం చెప్పారు. ఆ నెలాఖరుకే వేలమంది ఇళ్లకు వెళ్లారు. నాకప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు గనుక నన్ను తాకలేదు. 1984లో మళ్లీ 58 చేశారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు మాత్రం ఆ తగ్గింపు చెల్లుతుందనే చెప్పింది. గొప్ప రూపకం ఎవరిని లోపల చేర్చుకున్నదో అందరికీ వినబడుతుంది. ఎవరిని బయట ఉంచిందో బయట ఉన్నవాడికే తెలుస్తుంది.

ఇక అసలు మాట, 'కిలో రెండు రూపాయలకే బియ్యం'. ఇందులో అలంకారం ఏమీ లేదు, ఒక అంకె తప్ప. కాని ఆ అంకెను చదువురాని ముసలమ్మ కూడా ఇంటికి మోసుకుపోగలదు. ఎన్నికల ముందు అప్పటి కాంగ్రెసు ప్రభుత్వం రూపాయి తొంభై పైసలకే కిలో బియ్యం అన్నది. పది పైసలు తక్కువే! అయినా జనం నోట నిలిచింది రెండు రూపాయలే. తొంభై పైసలంటే షాపువాడి లెక్కలా ఉంటుంది, రెండు రూపాయలంటే ఇచ్చిన మాటలా ఉంటుంది. 1983 జనవరిలో 294 స్థానాల్లో రెండు వందలకు పైగా గెలిచి, 9వ తేదీన లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్యనే ప్రమాణం చేశారు.

ఆపైన మా వంతు వచ్చింది. ఉపన్యాసంలో 'పేదవాడు' అన్న ఒక్క మాట సరిపోయింది. జీవోలో పేదవాడెవరో తేల్చాలి గదా! కుటుంబ ఆదాయానికి పరిమితి పెట్టారు. మనిషికి నెలకు అయిదు కిలోలు, ఇంటికి ఇరవై అయిదు కిలోలు దాటరాదన్నారు. వేదిక మీద దేవుళ్లయినవారు మా కిటికీ దగ్గర ఆదాయం రుజువు చేసుకోవలసి వచ్చింది. వాళ్లెవరూ రేషన్ కార్డు అని అడగలేదు, 'రెండు రూపాయల కార్డు ఎప్పుడిస్తారయ్యా' అనే అడిగేవారు. రావలసిన బియ్యం రాకపోతే ఏ షరతు ప్రకారం రాలేదో వారికి అక్కరలేదు. అన్న మాట ఒకటి, ఉన్న మాట ఇంకొకటా అని గుమాస్తాను నిలదీసేవారు. వారి చేతిలో ఆ అంకె ఉంది. పేదరికం తొలగించలేదేమని అడగడం కష్టం. రెండు రూపాయలకు ఎందుకివ్వవు అని అడగడం చాలా తేలిక.

ఆ అంకె తరువాతి ప్రభుత్వాలనూ వదల్లేదు. 1994 డిసెంబరులో రామారావుగారు తిరిగి గెలిచింది కూడా అదే మాట చెప్పి. 1996లో, ఆయన పోయిన తరువాత, ధర మూడున్నర చేసినప్పుడు ఎవరూ మూడున్నర బియ్యం అనలేదు. 'రెండు రూపాయల బియ్యం పెంచారు' అనే అన్నారు. 2008లో రాజశేఖరరెడ్డిగారు, పార్టీ వేరైనా, మళ్లీ రెండు రూపాయలకే తెచ్చారు. 2011లో కిరణ్‌కుమార్‌రెడ్డిగారు దాన్ని రూపాయి చేశారు.