చెకుముకి తుపాకీ, కోనసముద్రం ఉక్కు

రెడ్‌మండ్‌లో మా పక్కింటాయన పిట్టల వేటకని చెకుముకి తుపాకీ చేత్తో చేస్తున్నాడు. తేలిగ్గా ఉండాలని గొట్టాన్ని మూతి వైపు పోనుపోను పల్చన చేశాడు. (మన పిట్టల దొర కర్ర తుపాకీ అంతకన్నా తేలిక లెండి!)

నన్ను పట్టుకున్నది నిప్పు సంగతి. రవ్వ రాయిది కాదు. రాయి గీరితే రాలిన ఉక్కు రజను గాలిలో మండటం. మెత్తని ఇనుము చాలదు కనుక, రాయి తగిలే పలకను బొగ్గుపొడిలో పొదిగి కాల్చి పైపొరను ఉక్కు చేస్తాడు. మన నిజామాబాదు జిల్లా కోనసముద్రం కమ్మరులు రెండు చోట్ల ఇనుమును మూసల్లో కలిపి కరిగించి, ముద్ద మొత్తాన్నీ ఉక్కు చేసేవారు. కత్తులకు పనికొచ్చే ఆ ఉక్కు కోసం ఇస్ఫహాన్ వర్తకుడు హాజీ హుసేన్ అక్కడికే వచ్చాడని 1832లో అచ్చయిన భూగర్భశాస్త్రజ్ఞుడు వాయ్‌సీ వ్యాసంలో ఉంది.

లండన్ తుపాకీల మీద చేసినవాడి పేరు చెక్కి ఉంటుంది. ఆ ముద్దల మీద ఏ కమ్మరి పేరూ లేదు.