బోర్డు మీద పేరు, కాళ్ళ కింద ఊరు
ఉచిత న్యాయ సహాయానికి ఉద్దానం నుంచి ఒక వ్యాఖ్యానం

సోంపేట రైల్వే స్టేషన్‌లో దిగినవాడు నిలబడేది కంచిలిలో. బోర్డు మీద ఒక ఊరి పేరు, కాళ్ళ కింద ఇంకో ఊరు. ఇక్కడివాళ్ళకు అది అలవాటే, తికమకపడేది కొత్తగా వచ్చినవాళ్ళు. చట్టంలో మాటలూ ఇలాంటివే. బోర్డు చదివితే సరిపోదు, దిగి ఎక్కడున్నామో చూసుకోవాలి. మూడు దశాబ్దాలుగా కిడ్నీ జబ్బుతో బతుకుతున్న ఈ ఉద్దానం తీరంలో ఆ చూసుకోవడం ఎలాగో, ఒక్కో మాటా పట్టుకుని చెప్పే ప్రయత్నం ఇది.

మూలం

వ్యాఖ్యానానికి మూలం కావాలి. ఇక్కడ అది రెండు చోట్ల ఉంది. మొదటిది రాజ్యాంగంలోని 39ఎ అధికరణ, 1976 నాటి 42వ సవరణతో వచ్చింది. డబ్బు లేకనో మరో అశక్తత వల్లనో ఏ పౌరుడికీ న్యాయం అందకుండా పోకూడదనీ, అందుకు రాజ్యమే ఉచితంగా సహాయం చేయాలనీ దాని సారం. రెండోది 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం. అమల్లోకి వచ్చింది మాత్రం 1995 నవంబరు 9న, అందుకే ఏటా ఆ తేదీన న్యాయ సేవల దినం జరుపుతారు. ఈ రెంటిలోని మాటలనూ, పొరుగు చట్టాల్లోని మరికొన్నింటినీ కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల రోగి పక్కన పెట్టి చదువుదాం.

ఉచితం

తెలుగులో ఈ మాటకు రెండు అర్థాలు. ఒకటి డబ్బు తీసుకోకుండా ఇచ్చేది. రెండోది, పాతది: తగినది. ఉచితానుచితాలు, సముచితం అన్నప్పుడు మనం వాడేది రెండో అర్థాన్నే. వకీళ్ళు ‘ప్రో బోనో’ అనే లాటిన్ మాటలోనూ డబ్బు ఊసు లేదు, ‘లోకం మేలు కోసం’ అనే దాని అర్థం. ఫీజు లేకపోవడం ఆ మేలుకు ఒక షరతు మాత్రమే.

ఈ తేడా ఎందుకు చెప్పుకోవాలంటే, ఊరికే వచ్చేదానికి విలువ ఉండదన్న అనుమానం మన ఊళ్ళలో బలంగా ఉంది. ఉచిత వకీలంటే మొక్కుబడి వకీలని జనం భయం. కానీ డబ్బివ్వలేనివాడికి సాయపడటం న్యాయవాది సమాజానికి బాకీపడ్డ పెద్ద బాధ్యతల్లో ఒకటని బార్ కౌన్సిల్ నియమావళి 46వ నియమం చెబుతోంది. ఇందులో దయాదాక్షిణ్యాల ప్రసక్తి లేదు. తీసుకునేవాడు తల దించుకోనక్కరలేదు, చేసేవాడు పని తగ్గించి చేయడానికి వీల్లేదు. పాత అర్థంలో ‘ఉచితంగా’ చేయాలి.

సేవ

న్యాయ సేవ అనగానే కళ్ళకు కట్టేది నల్లకోటు, బోను, వాయిదా. 1987 చట్టం 2వ సెక్షన్‌లోని నిర్వచనం అంతకంటే విశాలం. కోర్టులో గానీ, ట్రిబ్యునల్‌లో గానీ, ‘మరే అధికారి ముందు’ గానీ నడిచే వ్యవహారంలో సాయం, ఏ న్యాయ విషయం మీదైనా సలహా, ఇవన్నీ సేవే.

ఉద్దానం రోగికి పనికొచ్చేది ఆ ‘మరే అధికారి ముందు’ అన్న చోటే. అతని తగువు చాలావరకు కోర్టులో ఉండదు. సచివాలయంలోనో, ఎమ్మార్వో ఆఫీసులోనో, ఆసుపత్రి కౌంటర్ దగ్గరో ఉంటుంది. డయాలసిస్‌లో ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వం 2019 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. డయాలసిస్ దాకా రానివారికి ఆ తర్వాత వేరే పింఛను పెట్టినప్పుడు గీత గీసింది అంకెలతో: సీరం క్రియాటినిన్ 5 దాటాలి, లేదా ఈజీఎఫ్‌ఆర్ 15 లోపుకు పడాలి, లేదా కిడ్నీ కుంచించుకుపోవాలి. అంటే ఇక్కడ ల్యాబ్ రిపోర్టే దస్తావేజు. రిపోర్టులో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే జబ్బు నిజమే అయినా అర్జీ ఆగిపోతుంది. దాన్ని కదిలించే పని వాదన కాదు, కాగితాల పొందిక. చట్టం దృష్టిలో అదీ న్యాయ సేవే.

అమెరికాలో ఈ సంగతి ఒక పిల్లల డాక్టరుకు ముందే తట్టింది. 1993లో బోస్టన్‌లోని ప్రభుత్వాసుపత్రిలో బారీ జుకర్‌మన్ తన విభాగంలో ఒక న్యాయవాదిని చేర్చుకున్నాడు. ఉబ్బసం పిల్లలకు ఎన్ని మందులిచ్చినా, చెమ్మ పట్టిన అద్దె ఇంటికి తిరిగి వెళ్ళగానే జబ్బు మళ్ళీ మొదలు. ఇంటి యజమాని చేత మరమ్మతు చేయించే ఉత్తరం డాక్టరు రాస్తే చెల్లదు, వకీలు రాస్తే చెల్లుతుంది. వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదని మన పెద్దలు అన్నారు. ఆ ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టొచ్చని ఆయన చేసి చూపించాడు.

చేయని తప్పుకు వచ్చిన లేమి

ఎవరికి ఉచిత సేవ అన్నది 1987 చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. షెడ్యూల్డు కులాలు, తెగలవారు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు, ఆదాయం పరిమితిలోపు ఉన్నవారు. మన రాష్ట్రంలో ఆ పరిమితి ఏడాదికి 3 లక్షల రూపాయలు. వీళ్ళ మధ్య ఇంకో వర్గం ఉంది: తమ తప్పు లేకుండా లేమిలో పడ్డవారు. సామూహిక విపత్తు, వరద, కరువు, భూకంపం, పారిశ్రామిక ప్రమాదం వంటివి అందుకు ఉదాహరణలు.

‘వంటివి’ అన్న ఆ చిన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. అది ఉన్నంతకాలం జాబితా మూసుకుపోలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని దాటిన తెల్లవారుజామున కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. ఆ నష్టంలో ఉన్న రైతు ఈ వర్గంలోకి వస్తాడా అని ఎవరూ అడగరు, అది ఒక్క రాత్రిలో కళ్ళ ముందు జరిగిన విపత్తు. మరి అదే రైతు కిడ్నీలు పదేళ్ళపాటు చప్పుడు లేకుండా పాడైతే? 2019లో వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఇక్కడి 2,210 మందిని పరీక్షిస్తే 18.23 శాతం మందిలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కనిపించింది. గాలి వేగం లేదు, తీరం దాటిన వేళ లేదు, కానీ దెబ్బ సామూహికమే. ఉద్దానం రోగి కూడా చేయని తప్పుకు లేమిలో పడ్డవాడేనని ‘వంటివి’ ఆసరాగా వాదించవచ్చు. ఆదాయం గీత దాటిన చిన్న కొబ్బరి రైతుకు ఆ వాదన అవసరం పడుతుంది. ఇంట్లో ఆడమనిషి తన హక్కు కోసం తానే అర్జీ పెట్టుకుంటే ఈ తంటా ఏదీ లేదు. మహిళకు ఆదాయంతో పని లేకుండానే సేవ అందాలి.

వైకల్యం

బోర్డుకూ ఊరికీ బాగా దూరమున్న మాట ఇదే. వారంలో రెండు మూడు సార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగేసి గంటలు, సోంపేటలోనో పలాసలోనో టెక్కలిలోనో ప్రభుత్వాసుపత్రిలో మిషన్ పక్కన పడుకునే మనిషి వలస పనికి పోలేడు, జీడితోటలో దిగలేడు. వాడుకలో అతను పని చేయలేనివాడే. కానీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను పేర్కొంది. తలసీమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ అందులో ఉన్నాయి, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు లేదు. అందువల్ల ఆ చట్టం ఇచ్చే రక్షణలు కిడ్నీ జబ్బు ఒక్కదాని పేరు చెప్పి ఇక్కడి రోగికి దక్కవు. ఏ తలుపు తడితే తెరుచుకుంటుందో ముందే చెప్పి, ఒక రోజు కూలీ, ఒక బస్సు ఖర్చు మిగిల్చడమూ మంచి సలహాలో భాగమే.

అఫిడవిట్

ఈ మాటకు కోర్టు వాసన ఎక్కువ, పని మాత్రం తేలిక. ఆదాయం ఇంతేనని రుజువు చేయడానికి అర్జీదారు ప్రమాణపూర్వకంగా ఇచ్చే అఫిడవిట్ సరిపోతుందని 1987 చట్టం 13వ సెక్షన్ అంటోంది, నమ్మకపోవడానికి అధికారికి కారణం ఉంటే తప్ప. ఆదాయ ధ్రువపత్రం కోసం తిరిగి తిరిగి చివరికి న్యాయ సహాయమే మానుకునేవారికి ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు. చట్టం పేదవాడి మాటను ముందు నమ్ముతానంటోంది. గుమ్మం దగ్గర అపనమ్మకంతో నిలబడేది చట్టం కాదు, వాడుక.

కారణం తెలియని

ఈ మాట న్యాయ చట్టంలోది కాదు, వైద్యులది. ఇక్కడి జబ్బుకు వాళ్ళు పెట్టిన పేరు కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి. షుగరు లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీ పోయింది. ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగకపోవడమా, భూగర్భ జలాల్లోని సిలికానా, పురుగుమందులా, నొప్పి బిళ్ళలా అని ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు. ఏదీ ఒంటరిగా దోషిగా తేలలేదు.

వైద్యుడికి ఇది పరిశోధనాంశం, వకీలుకు ముళ్ళకంప. దావా వేయాలంటే ప్రతివాది కావాలి, నష్టపరిహారం అడగాలంటే కారణం చూపాలి. సోంపేట వాళ్ళకు ప్రతివాది ఉన్నప్పటి సంగతి తెలుసు. బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ కేంద్రం కడతామన్నప్పుడు కంపెనీ ఉంది, అనుమతి కాగితం ఉంది, ఆ కాగితంలో తప్పులు వెతికే వీలుంది. 2010 జులై 14న బీలలో పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయిన రోజే, ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. కిడ్నీ జబ్బుకు అలాంటి కాగితం లేదు.

మరి వకీలు ఇంటికెళ్ళిపోవాలా? నికరాగువాలోని చిచిగల్పాలో చెరకు కూలీలకు మనలాంటి జబ్బే, అక్కడా కారణం తేలలేదు. వాళ్ళు 2008లో ఒక పర్యావరణ న్యాయ సంస్థ అండతో, చెరకు కంపెనీకి అప్పిచ్చిన ప్రపంచ బ్యాంకు విభాగం మీద ఆ బ్యాంకు ఫిర్యాదుల అధికారి దగ్గరకు వెళ్ళారు. దోషి ఎవరో తేల్చమని పట్టుబట్టి అక్కడే ఆగిపోలేదు. స్వతంత్ర పరిశోధన, రోగుల కుటుంబాలకు తిండి, వైద్యానికి తోడ్పాటు కంపెనీతో మాట్లాడి సాధించుకున్నారు. ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్న శాస్త్రజ్ఞులకు వదిలి, ‘మాకు రావలసింది ఏది’ అన్న ప్రశ్న తాము పట్టుకున్నారు. ఉద్దానంలో ఉచిత న్యాయ సేవ నిలవాల్సిన నేల అదే.

ప్రాణం

రావలసింది ఏదో చెప్పే మాట ఇది. రాజ్యాంగం 21వ అధికరణలోని ప్రాణం ఊపిరి ఒక్కటే కాదని సుప్రీంకోర్టు అంచెలంచెలుగా చెప్పింది. 1991లో సుభాష్ కుమార్ కేసులో కలుషితం కాని నీరు, గాలి అందులో భాగమంది. కంచిలి మండలం మకరాంపురంలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన హిరమండలం నీటి పథకాన్ని ఆ వెలుగులో చూడాలి. ఆ కుళాయిలో వచ్చేది హక్కు, ఇనాము కాదు. అదే రోజు పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కూడా మొదలయ్యాయి.

1996లో పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం కేసు ఇంకా దగ్గరిది. రైలు నుంచి పడ్డ మనిషిని ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వాసుపత్రులు మంచం లేదని తిప్పి పంపాయి. వేళకు వైద్యం అందించకపోవడం 21వ అధికరణను ఉల్లంఘించడమేనని కోర్టు తీర్పు చెప్పి, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. డబ్బు లేదన్న ప్రభుత్వ వాదనకు కోర్టు చెప్పిన జవాబు మన వ్యాఖ్యానానికి గుండెకాయ. పేద నిందితుడికి వకీలును పెట్టడానికి డబ్బు లేదని రాజ్యం తప్పించుకోలేదని కోర్టులు అంతకుముందే తేల్చాయి, ఆ సూత్రం వైద్యానికి అంతకంటే తక్కువగా వర్తించదు అంది. అంటే ఉచిత వకీలు ముందు వచ్చాడు, ఉచిత వైద్యాన్ని ఆ కొలతతోనే కొలిచారు.

ప్రజోపయోగ సేవ

2002 సవరణతో 1987 చట్టం 22ఎ సెక్షన్‌లో చేరిన మాట. ఈ సేవల తగువులకు శాశ్వత లోక్ అదాలత్ ఉంటుంది. జాబితాలో రవాణా, తపాలా, కరెంటుతో పాటు నీటి సరఫరా, ఆసుపత్రి సేవ, బీమా ఉన్నాయి. ఉద్దానం కష్టాలు మూడూ ఒకే వరుసలో. కోర్టు ఫీజు లేదు. రాజీ కుదరకపోతే నేరాల జోలికి పోని తగువులో అదే తీర్పు ఇవ్వగలదు, ఆ తీర్పు మీద అప్పీలు లేదు. అయితే తగువు అంతకుముందే కోర్టుకు వెళ్ళి ఉండకూడదు.

వినియోగదారుల కమిషన్ ఉంది కదా అంటారు. 1995లో శాంత కేసులో సుప్రీంకోర్టు, అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రిని వినియోగదారుల చట్టం బయట ఉంచింది. ప్రభుత్వ డయాలసిస్ కేంద్రం మీద ఆధారపడ్డవాడికి అందుకే లోక్ అదాలత్ దారి దగ్గర. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని సామెత. వాయిదా రోజు, డయాలసిస్ రోజు ఒకటే అయ్యే మనిషికి గెలిచి ఏడ్చే తీరిక కూడా లేదు.

దగ్గరి బంధువు

అవయవ మార్పిడి కేంద్ర చట్టం 1994 నాటిది. అందులో కన్నవాళ్ళు, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తలు దగ్గరి బంధువులు. 2011 సవరణ తాతలను, అమ్మమ్మ నానమ్మలను, మనవలను, మనవరాళ్ళను చేర్చింది. మిగతావారు కిడ్నీ ఇవ్వాలంటే అనుమతి కమిటీ ముందుకు వెళ్ళాలి, దళారులను ఆపడానికే ఆ అడ్డు. ఊళ్ళో అందరికీ తెలిసిన చుట్టరికం కాగితంలో కనబడదు. పెళ్ళి రిజిస్టరు కాని భార్య, పుట్టింటి పేరుతోనే ఆధార్ ఉన్న అక్క తమ బంధుత్వాన్ని రుజువు చేసుకోవాలి. ఇక్కడ వకీలు చేసేది గుమాస్తా పనిలా కనిపిస్తుంది, కానీ దానిమీద ఒక కిడ్నీ ఆధారపడి ఉంటుంది.

తాత్పర్యం

ఈ మాటలన్నీ వరుసగా చదివితే ఒక్క సంగతి మిగులుతుంది. ఉద్దానం జబ్బుకు ముద్దాయి దొరకలేదు కాబట్టి చట్టానికి ఇక్కడ పనిలేదనుకోవడం పొరపాటు. పింఛను, నీరు, మంచం, అఫిడవిట్, చుట్టరికం: వీటిలో దేనికీ ముద్దాయి అక్కరలేదు. సరైన మాట సరైన కాగితం మీద, సరైన బల్ల ముందు ఉంటే చాలు. ఆ మాట తెలిసిన మనిషి దగ్గరలో లేకపోతే 15100కి ఫోన్ చేయవచ్చు, అది జాతీయ న్యాయ సేవాధికార సంస్థ నంబరు. ఫోన్ ఎత్తినవాడు ఏ ఊరని అడిగితే, రైలు టిక్కెట్టు మీది పేరు కాకుండా ఇల్లున్న ఊరి పేరు చెప్పండి.