జూదం: నిర్వచనం, చట్టం, రాజకీయ ఏకాభిప్రాయం

'జూదము' సంస్కృత 'ద్యూత' శబ్దానికి తద్భవం. పందెం ఒడ్డి ఆడే ఆటలన్నిటికీ తెలుగులో ఈ పదం వర్తిస్తుంది. ఆటగాడి నేర్పును, అదృష్టాన్ని అది వేరుచేయదు. ఆధునిక చట్టం మాత్రం ఈ రెంటి మధ్య గీత గీసింది. దక్షిణాదిన ప్రత్యర్థి పక్షాలు జూద నిషేధంపై ఏకమైనా, ఆ గీత వద్దనే వాటి చట్టాలు న్యాయపరీక్షకు గురయ్యాయి.

1867 నాటి బహిరంగ జూద చట్టం కేవల నైపుణ్య క్రీడలను మినహాయించింది. హైదరాబాదు సంస్థానపు 1305 ఫసలీ చట్టంలోనూ ఈ మినహాయింపు ఉంది. సికింద్రాబాదు క్లబ్బు ఒకదానిపై ఈ చట్టం కింద నడిచిన సత్యనారాయణ కేసులో, 1967లో, సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్య క్రీడగా నిర్ణయించింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో ఎంచుకోవడం నేర్పుతో కూడినవని దాని వాదం. మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టానికి చెందినదిగా వేరుచేసింది. కాంగ్రెస్ పాలనలో వచ్చిన 1974 ఆంధ్రప్రదేశ్ చట్టం నైపుణ్య మినహాయింపును నిలుపుకొంది.

ఆట క్లబ్బు నుంచి ఫోనులోకి మారాక ఈ మినహాయింపు ప్రశ్నార్థకమైంది. పందెం, జూదం రాజ్యాంగపు రాష్ట్ర జాబితాలో 34వ అంశం. ఆ అధికారంతో 2017లో తెలంగాణలో తెరాస ప్రభుత్వం, 2020లో ఆంధ్రప్రదేశ్‌లో వైకాపా ప్రభుత్వం డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధ పరిధిలోకి తెచ్చాయి. రెండుచోట్లా సవరణ మొదట ఆర్డినెన్సు రూపంలోనే వచ్చింది. తమిళనాడులో అన్నాడీఎంకే 2021లో తెచ్చిన నిషేధాన్ని మద్రాసు హైకోర్టు అదే ఏడాది కొట్టివేసింది. తరువాత డీఎంకే తెచ్చిన బిల్లును గవర్నరు తిప్పిపంపగా, 2023 మార్చిలో శాసనసభ దానిని ఏకగ్రీవంగా తిరిగి ఆమోదించింది. అయినా ఆ నవంబరులో హైకోర్టు, చట్టాన్ని సమర్థిస్తూనే, నైపుణ్య క్రీడలన్న కారణంతో రమ్మీ, పోకరులను నిషేధం నుంచి తప్పించింది. పక్షాలు జూదం చెడ్డదన్న తీర్పులో ఏకీభవించాయి. ఏది జూదమన్న నిర్ణయం న్యాయస్థానాలకే మిగిలింది.

ఈ సమస్యకు ఆంధ్రమహాభారతం ఒక భిన్నమైన చూపును అందిస్తుంది. నన్నయ నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు నలునికి అక్షహృదయాన్ని ఉపదేశిస్తాడు. నలుని కథ చెప్పిన బృహదశ్వుని నుంచి ధర్మరాజు అదే విద్యను పొంది, విరాటుని కొలువులో కంకుభట్టుగా పాచికలాడుతాడు. అంటే పాచికలాట నేర్వదగిన విద్యే. అయినా శకుని నేర్పు అతని దోషాన్ని తగ్గించదు. సభాపర్వంలో అనర్థానికి మూలం పాచిక స్వభావం కాదు, ఒడ్డిన పణం: రాజ్యం, తమ్ములు, చివరకు ద్రౌపది.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దాదాపు ఈ దృష్టికే చేరింది. ఆట నైపుణ్యానిదైనా అదృష్టానిదైనా, పణం ఉంటే అది నిషిద్ధం. అయితే ఆ బిల్లు గందరగోళం నడుమ, సమగ్ర చర్చ లేకుండా, రెండు రోజుల్లో ఉభయసభలనూ దాటింది. దానిపైనా న్యాయస్థానాల్లో సవాళ్లు దాఖలయ్యాయి. నిర్వచనం మారింది గాని, ఎందుకు మార్చవలసి వచ్చిందో సభా చర్చగా నమోదు కాలేదు. పక్షాల ఏకాభిప్రాయం ఓట్ల లెక్కతో పూర్తికాదు. నిర్వచనానికి హేతువును సభలోనే చర్చించి నిలిపినప్పుడే అది చట్టానికి బలమవుతుంది. కురుసభలో పెద్దల మౌనాన్ని దోషంగా చూపిన కావ్యపరంపర కూడా ఈ అవసరాన్నే గుర్తుచేస్తుంది.