కట్టెబొగ్గా, గ్యాసా?

భద్రాచలం అడవి అంచు ప్రజలకు బొగ్గు కొత్త కాదు. ఇల్లెందు సమీపాన 1871లో డాక్టర్ విలియం కింగ్ నేలబొగ్గు కనుగొన్నాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. అయితే వంటింటి కుంపటికి వాడేది కట్టెబొగ్గు. గాలి చాలకుండా కట్టెను కాల్చితే తేమ, పొగ పోయి మిగిలే కర్బనమే అది.

వంటగ్యాసు చరిత్ర చిన్నది. 1955లో అది బొంబాయి ఇళ్లకు చేరింది. 1999లో దీపం పథకం ద్వారా మన పేద కుటుంబాలకూ అందింది.

ఏది మేలు? కిలో గ్యాసు సుమారు 11,000 కిలోకెలోరీల వేడినిస్తుంది. కిలో కట్టెబొగ్గు 7,000. కాని ఆ కిలో బొగ్గు తయారుకు పాతపద్ధతి బట్టీలో సుమారు అయిదు కిలోల ఎండుకట్టె కావాలి. కట్టెలోని వేడిలో సగానికి పైగా బట్టీలోనే పోతుందన్నమాట! నష్టం అడవిది.

అయినా బొంగులో మాంసం కాల్చేవారు నిప్పులనే కోరతారు. మంట లేని నిప్పుల కాక నిలకడగా తగులుతుంది. పచ్చి వెదురులోని తేమ ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది.

కనుక నిత్యవంటకు గ్యాసు, ఆరుబయట విందుకు నిప్పులు తగును. ఒక్కటి మరువరాదు: తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టరాదు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.